చివరి రీలులో ముప్ఫై సెకన్లు

రాత్రి పదకొండు దాటిందంటే ఆ సినిమాహాలు ముందు నుంచి ఎవరూ నడవరు. వెనక వీధిలోంచి చుట్టు తిరిగి పావుగంట ఎక్కువైనా నడుస్తారు గానీ, ఈ రోడ్డు మీద అడుగు పెట్టరు.

హాలు మూతపడి ఐదేళ్లు. గేటుకి గొలుసు, గొలుసుకి తాళం, తాళానికి తుప్పు. అయినా రెండేళ్ల నుంచీ — ఐదు కాదు, రెండు, గుర్తుపెట్టుకోండి — కొన్ని రాత్రుళ్లు లోపల్నుంచి చప్పుడు వస్తోందని చెప్పుకుంటున్నారు. ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు... టకటకటక... టకటకటక... ఆ చప్పుడు ఉన్నంతసేపూ పైన వెంటిలేటర్ల సందుల్లో తెల్లటి వెలుతురు వణుకుతుందట.

కాపలాకి పెట్టిన మొదటివాడు ఎవరికీ చెప్పకుండా మానేశాడు. రెండోవాడు చెప్పులు గేటు దగ్గరే వదిలేసి పరిగెత్తాడు. ఆ చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. దొంగలు కూడా ముట్టుకోలేదు.

పక్క గోడ మీద పాత పోస్టరొకటి మిగిలి ఉంది. ఎండకీ వానకీ వెలిసిపోవడానికి అందులో రంగంటూ లేదు, అంతా నలుపూ తెలుపే. ఒక కంటి మీదికి వాలిన టోపీ, వేళ్ల మధ్య సిగరెట్టు, నవ్వో కాదో తెలియని నవ్వు. అమెరికా నటి. ఎప్పుడో మా అమ్మ చిన్నప్పుడు వెలిగిన తార. ఆవిడే రాత్రిళ్లు వచ్చి తన సినిమా తనే చూసుకుంటోందని ఊరు తీర్మానించేసింది.

నాకు నవ్వొచ్చేది. అంత దూరాన పుట్టి అంత దూరాన పోయిన మనిషి, నల్లులు పట్టిన మా హాలుకి ఏం పనుండి వస్తుంది? వస్తే గిస్తే మా ఆయన కోసమే రావాలి.

ఆ హాల్లో బుకింగ్ కౌంటర్లో పదహారేళ్లు కూర్చున్నదాన్ని నేను. ఆ కన్నంలోంచి చేతులే కనిపిస్తాయి, మొహాలు కనిపించవు. కాస్త వంగితే అవతలివాళ్లకి నా మొహం కనిపిస్తుంది. ఎవరూ వంగరు. పదహారేళ్లు అలా చూశాక మనుషుల మీదే నమ్మకం పోయింది, ఇక దెయ్యాల మీద ఎక్కడ్నుంచి తేను?

సరే, విషయానికొస్తాను. ఆ రాత్రి మా ఆయనకి జరిగింది ఆయన నాతో చెప్పింది చెప్పినట్టే చెప్తాను. మధ్యలో నా కోపం వస్తే పట్టించుకోకండి.

మా ఆయన పత్రికాఫీసులో ప్రూఫ్ రీడరు. తప్పులు పట్టడం ఉద్యోగం. ఇంటికొచ్చినా డ్యూటీ దిగేవాడు కాదు. నా మాటలో, నా నడకలో, నేను దుప్పటి మడతపెట్టడంలో తప్పులు. ఈ భూమ్మీద ఆయనకి తప్పు దొరకనిది ఒక్కటే, ఆ పోస్టరులో ఉన్న ఆవిడ. ఊళ్లో ఆయన్ని 'నలుపుతెలుపాయన' అనేవారు.

"అందగత్తెలకేం తక్కువోయ్?" అనేవాడు. "ఆవిడ అబద్ధం చెప్పేటప్పుడు చూడాలి. మాట తొణకదు, చెయ్యి వణకదు. ఒక్క కనురెప్ప మాత్రం కొంచెం ఆలస్యంగా పడుతుంది. 'వీణ్ణి మోసం చేస్తున్నాను, నాకూ కష్టంగానే ఉంది' అని ఆ రెప్పతో మనకి చెప్పేస్తుంది. ఎదురుగా కూర్చున్న డిటెక్టివుకి తెలీదు. మనకి తెలుసు."

ఆ తరహా సినిమాలంటేనే ఆయనకి పిచ్చి. ఎప్పుడూ రాత్రే, ఎప్పుడూ వానే. తడిసిన రోడ్డు మీద ఒంటరి దీపం, కిటికీ రెక్కల నీడలు మనుషుల మీద జైలు ఊచల్లా పడటం, ఎవరూ పూర్తిగా మంచివాళ్లు కాకపోవడం.

"నేరం ఎవరు చేశారో మొదట్లోనే తెలిసిపోతుంది. ఎప్పుడు ఒప్పుకుంటారన్నదే కథంతా," అనేవాడు.

ఆ మాట అన్నప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ హాల్లో ఆపరేటరు మా అన్నయ్య. మెషిన్ రూములో పుట్టాడా అన్నట్టు ఉండేవాడు. ఆట నడుస్తుండగా సౌండు బొంగురుపోతే పక్కనున్న సౌండు పెట్టె మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. టప్... టప్. సౌండు దారికొచ్చేది. "గొంతు పూడుకుపోతే వీపు చరచమూ? ఇదీ అంతే," అనేవాడు. తెగిన రీలు అతికించాక అంచున బ్లేడుతో చిన్న గాటు పెట్టేవాడు. అది అన్నయ్య సంతకం.

బావాబావమరుదులిద్దరూ మొదట్లో ప్రాణం ప్రాణంగా ఉండేవాళ్లు. తెర మీద బొమ్మ కాస్త మసకబారితే చాలు, మా ఆయన కుర్చీలోంచే "బావా, ఫోకస్!" అని కేకేసేవాడు. వెనక గోడ కన్నంలోంచి "కళ్లజోడు తుడుచుకో బావా!" అని జవాబు. హాలంతా నవ్వేది.

ఇరవై ఏళ్ల కిందట ఆవిడ సినిమా ఒకటి వారం రోజులు ఆడింది. చివర్లో ముప్ఫై సెకన్ల సీను. ఆవిడ మెట్లు దిగుతుంది. కింద చీకట్లో ఆమెని ప్రేమించినవాడే పిస్తోలు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఏడో మెట్టు మీద ఆగుతుంది... మన వైపు తిరుగుతుంది... ఒక మాట అంటుంది. అంతే. ఆ ముప్ఫై సెకన్ల కోసం మా ఆయన ఐదు రోజులు, రోజుకి రెండాటలు చూశాడు.

ఆరో రోజు మ్యాట్నీలో ఆ ముక్క లేదు.

మెట్ల పైన ఆవిడ కనిపించింది, అంతలో అయిపోయింది. హాల్లో గోల, ఈలలు. మా ఆయన పైకి పరిగెత్తాడు. రీలు కోసి ఉంది. కత్తెరతో, వంకరగా.

"నువ్వే కోశావు," అన్నాడు అన్నయ్యతో. "దాచుకోవడానికి కోశావు. ఆపరేటర్లందరూ చేసేదే. దొంగ!"

అన్నయ్య ఒక్క మాటా అనలేదు. మా ఆయన పత్రికలో రాశాడు. ముక్క పోయిన ప్రింటు మాకొద్దని పంపిణీదారు రీళ్లన్నీ హాల్లోనే వదిలేశాడు. ఓనరు అన్నయ్యని తీసేశాడు. మిగతా బతుకంతా అన్నయ్య ఇంటి వరండాలో రేడియోలు బాగుచేసుకున్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో 'బావ' అనే మాట లేదు. "మీ అన్న" అన్న మాటా లేదు. తప్పనిసరైతే "ఆ దొంగ". రెండేళ్ల కిందట అన్నయ్య పోతే మా ఆయన రాలేదు. వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న నా వైపు చూడకుండా, "ఆ ముక్క ఎక్కడ పెట్టాడో చావబోయే ముందైనా చెప్పాడేమో కనుక్కో," అన్నాడు.

ఇలాంటి మనిషి.

ఇప్పుడా హాలుని కూలగొట్టడానికి మనుషులొచ్చారు. సోమవారం నుంచి గోడలు. మా ఆయన కళ్లకి కూడా డాక్టరు గడువు పెట్టేశాడు. లోపల నరం ఎండిపోతోందట, రెండు నెలలో మూడు నెలలో. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఆ చివరి రీలు ఇంకా మెషిన్ రూములో తుప్పు డబ్బాలో ఉంది. ఓనరు కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. ఇంకో హాల్లో పనిచేసే పొట్టి ఆపరేటరుని బతిమాలాను. ఆదివారం పొద్దున్న ఆ ఒక్క రీలూ మా ఆయనకి వేసి చూపించాలి. ఆయనకి ఇంకా చెప్పలేదు.

అది చూసి ఆయన నోట 'బావ' అన్న మాట వినాలి. చచ్చిపోయినవాడికి ఆ ఒక్క మాటైనా తిరిగి రావాలి. నాకు కావలసింది అదొక్కటే.

అంతలో శుక్రవారం వచ్చింది.

ఆ రాత్రి ఆఫీసులో మా ఆయన ఉద్యోగం పోయింది. బతికున్న మనిషి పేరు మృతుల జాబితాలో అచ్చయిపోయింది. కళ్లకి ఆనలేదు. "రేపట్నుంచి రాకండి," అన్నారు. ముప్ఫై ఒక్కేళ్ల డ్యూటీ అలా ముగిసింది. రాత్రి ఒంటిగంటకి బయటపడ్డాడు. రోజూ వెనక వీధిలోంచి వచ్చేవాడు. దెయ్యానికి జడిసి కాదు, అన్నయ్య పనిచేసిన చోటు కంటపడకూడదని. ఆ రాత్రి మాత్రం ఒళ్లు మండిపోయి, తిన్నగా హాలు రోడ్డు పట్టాడు.

రోడ్డు మీద పురుగు లేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి—

టకటకటక... టకటకటక...

ఆగాడు. గొలుసు వేలాడుతోంది. తాళం తీసి ఉంది. లోపల తలుపు సందులోంచి తెల్లటి వెలుతురు.

"భయమెయ్యలేదా?" అని అడిగాను తర్వాత.

"ఉద్యోగం పోయింది, కళ్లు పోతున్నాయి. ఇంకేం పట్టుకుపోతుంది?" అన్నాడు.

లోపలికి వెళ్లాడు. దుమ్ము వాసన. దాని కింద... మెషిన్లో వెలుతురు కోసం కాల్చే కార్బన్ కడ్డీల వాసన. ఒకసారి పీలిస్తే మర్చిపోయే వాసన కాదది. వెనక గోడ కన్నంలోంచి వెలుగు బారుగా వచ్చి తెర మీద పడుతోంది. తెర నిండా మెట్లు.

తడుముకుంటూ ముందు బెంచీ దాకా వెళ్లి కూర్చున్నాడు. అంత దగ్గరైతేనే ఆయన కళ్లకి ఏమైనా ఆనుతుంది.

ఆవిడ పైమెట్టు మీద ఉంది.

ఒక మెట్టు దిగింది. రెండు. మూడు... ఇరవై ఏళ్ల కిందట ఇక్కడిదాకా కూడా రాలేదు, పైమెట్టు మీదే తెగిపోయింది. ఇప్పుడు తెగలేదు. నాలుగు. ఐదు. ఆవిడ దిగుతూనే ఉంది.

ఏడో మెట్టు మీద ఆగింది. మన వైపు తిరిగింది.

మా ఆయన ముందుకి వంగాడు.

ఆ మొహం ఆవిడదే. కానీ ఆవిడ కాదు. కుడి బుగ్గ మీద ఉండాల్సిన పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీద ఉంది. కుడి కంటి మీదికి వాలే టోపీ ఎడమ కంటి మీదికి వాలింది. పెదాలు కదిలాయి... మాట లేదు. మాట రావాల్సిన చోట తెర వెనక నుంచి — గుర్ర్ర్ర్ర్ — అని ఒకటే గుర్రు. ఏదో జంతువు గొంతులోంచి వచ్చినట్టు.

అప్పుడు వెనకనుంచి, పైనుంచి... టప్... టప్.

రెండు దెబ్బలు.

గుర్రు ఆగలేదు. మళ్లీ టప్, టప్. వెలుతురు ఠక్కున ఆరిపోయింది. చీకటి. ఆ చీకట్లో కన్నం వైపు నుంచి ఇంకో చప్పుడు మొదలైంది... గీక్... గీక్... గీక్... ఎవరో గోరుతో దేన్నో మెల్లగా, ఓపిగ్గా గీకుతున్నట్టు.

మా ఆయన అక్కణ్ణుంచి ఎలా బయటపడ్డాడో ఆయనకే తెలీదు. ఇంటికొచ్చేసరికి ఒక కాలికే చెప్పుంది.

మంచం మీద కూలబడి, గుసగుసగా అన్నాడు. "ఆవిడ కాదు... మీ అన్న. ఆ రెండు దెబ్బలూ వాడివే. ముక్క వాడి దగ్గరే ఉంది. చచ్చాక తెచ్చిచ్చాడు, అదీ తిరగేసి, నన్ను ఏడిపించడానికి. చూశావా? నేను అన్నానా లేదా? దొంగ... చచ్చినా దొంగే."

ఇరవై ఏళ్ల తర్వాత ఆయన నోట "మీ అన్న" అన్న మాట వచ్చింది. వచ్చి, ఇలా వచ్చింది.

నేను మంచినీళ్లు ఇచ్చి, దీపం ఆర్పి, గోడవైపు తిరిగి పడుకున్నాను. భయంతో కాదు. సిగ్గుతో.

ఎందుకంటే, ఆ ముక్క కోసింది నేను.

ఇక దాచి లాభం లేదు. ఆ ఐదో రోజు నాకు నూట రెండు జ్వరం. అయినా కౌంటర్లో కూర్చున్నాను. మ్యాట్నీకి ఒక చెయ్యి లోపలికొచ్చింది. వేలికి నేను కట్టిన గుడ్డకట్టు ఉంది. మా ఆయన చెయ్యి. టికెట్టు తీసుకుంది, చిల్లర తీసుకుంది, వెళ్లిపోయింది. వంగలేదు. నా మొహం చూడలేదు. ఆవిడ మొహం కోసం పరిగెత్తాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్యకి క్యారేజీ పట్టుకుని పైకి వెళ్లాను. అన్నయ్య చేతులు కడుక్కోవడానికి బయటికెళ్లాడు. చివరి రీలు బల్ల మీద ఉంది. ఆట అయ్యాక వెనక్కి చుట్టేదాకా, చివరి సీనే పైన ఉంటుంది. పక్కనే కత్తెర. నలభై ఐదు అడుగులు. చుట్ట చుడితే గుప్పిట్లో పట్టింది. ఖాళీ క్యారేజీ గిన్నెలో వేసుకుని దిగిపోయాను.

అన్నయ్య కనిపెట్టాడా? కోసిన వంకర చూసే కనిపెట్టి ఉంటాడు. నేను ఏ పనీ తిన్నగా చెయ్యనని అన్నయ్యకి చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా నోరు విప్పలేదు. నేను కూడా విప్పలేదు. అన్నయ్యకి ఉద్యోగం పోయినప్పుడూ విప్పలేదు. నా సంసారం కూలిపోతుందని భయం. భయం అనడం మర్యాదగా ఉంటుందని అంటున్నాను. అసలు పేరు పిరికితనం.

ఆ చుట్టని పౌడరు డబ్బాలో దాచాను. తగలబెట్టాలనే తెచ్చాను. ముందొకసారి కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూశాను, ఏముందీ ఈవిడలో అని తిట్టుకుంటూ. ఏడువందల ఇరవై బొమ్మలు. ఒక్కొక్కటీ గోరంత. మా ఆయన డ్యూటీకి వెళ్లిన రాత్రుళ్లు దీపం ముందు కూర్చుని ఒక్కొక్కటే చూసేదాన్ని. ఇరవై ఏళ్లు.

మా ఆయన చెప్పిన కనురెప్ప నిజమే. కానీ ఆయన సగమే చూశాడు. నాలుగో మెట్టు మీద ఆవిడ ఎడమ చెయ్యి రెయిలింగు వదిలేస్తుంది. అక్కడే నిశ్చయించుకుంది. పారిపోవచ్చు, తలుపు వెనకే ఉంది, పారిపోదు. ఆరో మెట్టు మీద గొంతు దగ్గర నరం ఒక్కసారి కొట్టుకుంటుంది, ఒక్క బొమ్మలోనే. తర్వాత ఆ మొహంలో భయం ఉండదు. నాకు తెలిసి అంత ధైర్యంగా నేరం ఒప్పుకున్న మనిషి ఇంకొకరు లేరు. ద్వేషించడానికి తెచ్చుకున్నాను. చివరికి ఆవిడంటే మా ఆయనకంటే నాకే పిచ్చి పట్టింది.

ఆ గురువారం మధ్యాహ్నం, నా దగ్గర మిగిలిపోయిన పాత తాళంచెవితో హాలు తెరిచి, ఆ ముక్కని రీలుకి అతికించాను. 'రీల్లోనే ఉందిగా, ఎవరూ తీయలేదు' అని తేల్చేద్దామని నా తెలివి. టేపుతో అతికించాను. తిరగేసి అతికించాను! ఇరవై ఏళ్లూ నేను దాన్ని వెనకవైపు నుంచే చూశాను మరి. నా దృష్టిలో పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీదే. ఆయన కుడి అని వందసార్లు చెప్పే ఉంటాడు. నేను వింటేగా.

తిరగబడితే బొమ్మ పక్కన సన్నగా ఉండే సౌండు గీత కూడా అవతలి అంచుకి పోతుంది. దాని చోటికి రీలు అంచున ఉండే చిల్లులు వచ్చి, మెషిను గుర్రుమంటుంది. అదీ ఆ దెయ్యం గొంతు.

తాళం కూడా నేనే సరిగ్గా వేసి ఉండను. పొట్టి ఆపరేటరు ఒకసారి నడిపి చూద్దామని ముందే వచ్చి ఉంటాడు. రెండు దెబ్బలు ఏ ఆపరేటరైనా వేస్తాడు. గీకుడు ఎలకలది. అంతే కథ... అనుకుని శనివారం పొద్దున్నే అతని దగ్గరికి వెళ్లాను.

"రాత్రి నువ్వే కదా?" అన్నాను.

"ఎక్కడికక్కా?"

"హాలుకి. మెషిన్ నడపలేదూ?"

"భలేదానివక్కా! రాత్రిపూట ఆ హాలుకా? నాకు పెళ్లాం పిల్లలున్నారు. అయినా దేంతో నడపను? కార్బన్ కడ్డీలు అక్కడ ఒక్కటి లేదు. ఆదివారానికని నేనే మా హాల్లోంచి తెస్తున్నాను, ఇదిగో."

కాగితంలో చుట్టిన కొత్త కడ్డీలు చూపించాడు.

ఆదివారం మా ఆయన్ని దాదాపు లాక్కొచ్చాను. "ఆ దొంగ ముక్క నాకొద్దు," అంటూనే వచ్చాడు. పైకప్పు రేకులు సగం ఊడదీసేశారు. హాల్లోకి ఎండ చారలు చారలుగా పడుతోంది. పట్టపగలు. ఆయన్ని ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, పొట్టి ఆపరేటరుకి నా అతుకు సంగతి చెప్పేద్దామని పైకి వెళ్లాను.

అతను రీలు చేతుల మీద పరిచి చూస్తున్నాడు.

"అక్కా, ఈ అతుకెవరిది?"

"అదీ... టేపు కొంచెం వంకరగా..."

"టేపెక్కడుంది? జిగురుతో వేశారు. అంచు గీకి, జిగురు పెట్టి, ఎంత నున్నగా వేశారో! ఈ రోజుల్లో ఇలా గీకే ఓపిక ఎవరికుంది?"

రీలు అందుకున్నాను. నా టేపు లేదు. ముక్క తిన్నగా తిరిగి ఉంది. పుట్టుమచ్చ కుడి బుగ్గ మీద. అతుకు అంచున బ్లేడుతో పెట్టిన చిన్న గాటు.

గీక్... గీక్... గీక్...

రీలు నా చేతుల్లోంచి జారబోతే అతను అందుకున్నాడు.

నేను కిందికి వచ్చి మా ఆయన పక్కన కూర్చున్నాను. మెషిను కదిలింది. కానీ ఆ ఎండలో బొమ్మ పాలిపోయి, ఉందా లేదా అన్నట్టుంది. నాకే కష్టంగా కనిపిస్తోంది. మా ఆయన మెడ చాచాడు, కళ్లు చిట్లించాడు, కళ్లజోడు తుడిచాడు.

"నాకేం ఆనట్లేదు," అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా అయిపోయింది. "ఏం జరుగుతోంది? చెప్పు..."

చెప్పాను.

"పైమెట్టు మీద ఉంది. దిగుతోంది. ఇప్పుడు నాలుగో మెట్టు, ఎడమ చెయ్యి రెయిలింగు వదిలేస్తుంది చూడండి... వదిలింది. ఇప్పుడు ఆరు. గొంతు దగ్గర నరం ఒక్కసారి కొట్టుకుంటుంది... ఇదిగో. ఆగుతుంది. ముందు చూపు తిరుగుతుంది, తర్వాత మొహం. రెప్ప పడుతుంది... ఆలస్యంగా..."

ఆవిడ గొంతు హాలంతా నిండింది. నాకు ఇంగ్లీషు రాదు. ఇరవై ఏళ్లు ఆ పెదాలు చూశాను గానీ, ఆ మాట ఎప్పుడూ వినలేదు. మా ఆయన పెదాల మీదే తెలుగులో అన్నాడు.

"దీపం ఆర్పకు. నా మొహం చూసి కాల్చు."

రీలు అయిపోయింది. తెల్లటి తెర. మెషిను ఆగింది. పొట్టి ఆపరేటరు చేతులు తుడుచుకుంటూ దిగి వచ్చి మా ముందు నిలబడ్డాడు.

మా ఆయన తెర వైపే మొహం పెట్టి అన్నాడు.

"ఆ సినిమాకి నువ్వొక్కరోజు కూడా కౌంటర్లోంచి లేచి రాలేదు."

"లేదు."

"అవి జరక్కముందే చెప్పావు. చెయ్యి వదలడం... నరం... పదాటలు చూసిన నాకే తెలీదు. నీకెలా తెలుసు?"

నోరు తెరిచాను. మాట రాలేదు. ఇరవై ఏళ్లుగా గొంతులో పూడుకుపోయింది ఒక్కసారిగా ఎక్కడ్నుంచి వస్తుంది? 'అన్నయ్య చెప్పాడు' అనెయ్యొచ్చు. అంటే అయిపోతుంది. పోయినవాడు కాదనడు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

టప్...

టప్.

పైనుంచి. వెనక గోడ కన్నంలోంచి. పొట్టి ఆపరేటరు తలెత్తి చూశాడు. అతని మొహంలో నెత్తురు లేదు. మెట్లెక్కడానికి దారి ఒక్కటే, ఆ దారికి అడ్డంగా అతనే నిలబడి ఉన్నాడు.

"దొంగ అన్నయ్య కాదు," అన్నాను. "నేను. నేనే కోశాను. మీరు ఆ రోజు నా మొహం చూడకుండా టికెట్టు తీసుకెళ్లారని కోశాను. అన్నయ్యకి తెలిసీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అంతే."

మా ఆయన నా వైపు తిరిగాడు. వంగి, నా మొహానికి జానెడు దూరంలో మొహం పెట్టి చూశాడు. ఎంత కనిపించిందో తెలీదు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. బెంచీ పట్టుకుని లేచాడు. తెరకి వీపు పెట్టి, ఎక్కడో పైన ఉన్న ఆ నల్లటి కన్నం వైపు మొహమెత్తాడు.

"బావా..." అన్నాడు.

తర్వాతి మాట కోసం పెదాలు కదిలాయి. కదిలాయి గానీ చప్పుడు రాలేదు. ముగ్గురం అలాగే పైకి చూస్తూ నిలబడ్డాం, ఎండ చారలు బెంచీల మీద జరిగేదాకా.

ఈసారి పైనుంచి ఎవరూ కొట్టలేదు.